తోలు మీది, బొక్కలు మాయి

అరవైల నాటి మెదక్‌లో అన్నం తినని పిల్లలకు బూచాడి పేరు చెప్పే అలవాటు పోయింది. కృపాదానం సారు పేరు చెబితే సరిపోయేది. ప్రైమరీ బడిలో మూడో తరగతి ఆయనది. పొద్దున్నే చింతబరికెకు నూనె రాసి, అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టేవాడు. అది ఇంతవరకు ఒక్క వీపునూ తాకలేదన్న సంగతి పిల్లలు ఇంట్లో చెప్పేవారు కాదు. చెబితే పెద్దవాళ్లు అర్జీ పెట్టి, నిజంగా కొట్టే సారును తెప్పిస్తారు. ఆ మాత్రం లెక్క మూడో తరగతికి వచ్చు.

కొట్టని సారుకు చదువు చెప్పడం రాదని ఊళ్లో గట్టి నమ్మకం. బడిలో వేసేనాడే తల్లిదండ్రులు పిల్లవాడి చెయ్యి సారు చేతిలో పెట్టి, "తోలు మీది, బొక్కలు మాయి" అని అప్పజెప్పేవారు. తోలు సారు వాటా, ఎముకలు ఇంటివాళ్ల వాటా. అన్నదమ్ముల పంపకాలు కూడా అంత స్పష్టంగా జరిగేవి కావు.

ఆ తరగతిలోని వహీద్ ఒకనాడు పదకొండు గంటలకే ఇంటి గంట కొట్టాడు. బడంతా ఇంటికి పోయింది. ఇద్దరు సార్లు కూడా పోయారు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు వహీద్‌ను తండ్రి సిరాజ్ రెక్క పట్టి తెచ్చాడు. సిరాజ్ ఇనప పెట్టెలు చేసేవాడు, చెయ్యి కూడా ఆ వరసలోదే. వెనకాలే తల్లి తాజ్ బీ.

"సార్, గీన్ని మీరు సీదా చేస్తరా, నన్ను చెయ్యమంటరా? నేను చేసిన్నంటే ఇగ బడి లేదు, రామాయంపేట్ల లారీ మెకానిక్ తాన పడేస్త. నేను గీడనే కూసుంట. వీని అరుపు నాకు ఇనబడాలె."

అని సిరాజ్ అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

వహీద్ చొక్కా కింద బెల్టు వాతలను సారు అంతకుముందే చూశాడు. చూసిన రోజు ఆయనకు అన్నం సహించలేదు. బరికె తీసుకుని, పిల్లలు కూర్చునే గోనెపట్టాలు దాచే గదిలోకి వాణ్ణి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు.

"నేను పట్టాను కొడ్త. నువ్వు అరువు" అన్నాడు గుసగుసగా.

ఒక్కటి వేశాడు. దుమ్ము లేచింది. సారుకు దగ్గు వచ్చింది. వహీద్ కిక్కురుమనలేదు.

"అరువు బిడ్డా, నీకు పుణ్యముంటది."

"రాదు సార్."

"అరుసుడు రాకపోవుడేంది?"

"అరిస్తే అబ్బా ఇంకిన్ని ఏస్తడు. గందుకే అరువ."

సారు బరికె దించాడు. ఆయన ఇరవై ఏళ్ల సర్వీసులో పిల్లలకు నోరు మూసుకోవడం నేర్పాడు గానీ, నోరు తెరిచి అరవడం ఎవరికీ నేర్పలేదు.

"ఏం సార్, ఇంకా షురూ చెయ్యలే?" బయటి నుంచి సిరాజ్ అరిచాడు.

అంతలో తలుపు తోసుకుని తాజ్ బీ లోపలికి వచ్చింది. పట్టాను చూసింది, బరికెను చూసింది, పొడి కళ్లతో నిలబడ్డ కొడుకును చూసింది. పిల్లవాడు రామాయంపేట బస్సు ఎక్కినట్టే అనుకున్నాడు సారు.

తాజ్ బీ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఆపకుండ్రి సార్. ఆయన చెవులు పెట్టి ఇంటుండు" అంది మెల్లగా.

సారు పట్టా మీద వేశాడు. తాజ్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సన్నని గొంతుతో అరిచింది. అచ్చం పిల్లవాడి అరుపే. సారు మళ్లీ వేశాడు, ఆమె మళ్లీ అరిచింది. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ ఊపిరి తెగాలో ఆమెకు బాగా తెలుసు. ఆ తెలివి ఆమెకు ఎలా వచ్చిందో తోచగానే సారు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దుమ్ము వల్ల అనుకున్నాడు.

బయట అరుగు మీది నుంచి చెప్పుల చప్పుడు పరుగున వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"బస్, సార్! ఇగ ఆపుండ్రి! పోరడు సస్తడు!"

వహీద్ తలుపు వైపు తిరిగాడు. తనకోసం అబ్బా గొంతు అలా వణకడం వాడు ఎన్నడూ వినలేదు. ఒంటి మీద ఒక్క దెబ్బ పడకుండానే, గొంతెత్తి ఏడ్చాడు.