మూడు కాళ్ల నవగుంజరం

రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, ఇక ఉలి ముట్టుకోవద్దని కటక్ డాక్టరు చెప్పేనాటికి దివాకర మహారణాకు నలభై నాలుగేళ్లు. పూరీలో రాళ్లు చెక్కేవాళ్ల వీధిలో పుట్టాడు. ముత్తాతల నాటి నుంచి ఆ ఇంట్లో దేవుళ్లను చెక్కడం తప్ప ఇంకో పని తెలియదు. కూర్చుని పనివాళ్లను చూసుకుంటే చాలని పెద్దన్న రాఘవ అన్నాడు. దివాకర నెల రోజులు అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం లేచి, సముద్రపు ఒడ్డున ఉన్న మా వదిన దగ్గరికి వచ్చాడు.

మాది పూరీలోనే పెంతకట అనే తెలుగు జాలరివాడ. మా వదిన పైడమ్మ పొద్దున చేపలు ఎండబెట్టి, మధ్యాహ్నాలు ఇసుకలో దేవుళ్లను చెక్కేది. పదేళ్లుగా తనంతట తాను నేర్చుకున్న పని. ఆయన కంటే పదిహేనేళ్లు చిన్నది. ఇసుక పని నేర్పమని ఆయన అడిగితే, ఎగతాళి చేస్తున్నాడనుకుని బుట్ట ఎత్తుకుని వెళ్లబోయింది. ఆయనకు దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా వదిన నిలబడింది.

"రాతి పని మర్చిపోగలవేటి అన్నా?" అంది.

"మర్చిపోను. పక్కన పెడతాను."

"అయితే తొక్కు."

వారం రోజులు ఆయన చేత ఇసుక తొక్కించడమే. ఒక పొర ఇసుక, దాని మీద నీళ్లు, మళ్లీ తొక్కడం. అది గట్టిపడితేనే కత్తి దింపాలి. రాళ్ల వీధి నుంచి నలుగురు వచ్చి చూసి, మహారణా వంశం బురదలో పడిందని నవ్వుకుంటూ పోయారు. ఆయన కాలు ఆపలేదు.

కష్టమంతా తర్వాత మొదలైంది. రాతికి అలవాటు పడిన ఆ చెయ్యి బలంగా పడేది, పడిన చోటల్లా ఇసుక కూలేది. పైనుంచి కిందికే చెక్కుతూ రావాలని, ఒకసారి దిగాక మళ్లీ పైకి వెళ్లలేమని వదిన ఎన్నిసార్లు చెప్పినా ఆయన చూపు మొదట పాదాల మీదికే పోయేది. చేప పొలుసు తీసినట్టు రెండు వేళ్లతో తియ్యమనేది ఆమె. వినాయకుడి తొండం పడిపోయింది. హనుమంతుడి తోక పడిపోయింది. నరసింహుడి దవడ ఐదోసారి రాలినప్పుడు ఆయన చెక్క కత్తిని దూరంగా విసిరేశాడు. వెళ్లి తెచ్చుకోమంది వదిన. వెళ్లి తెచ్చుకున్నాడు.

సంగతి ముదిరాక రాఘవ వీధి పెద్దలను పిలిచి తమ్ముణ్ణి మధ్యలో నిలబెట్టాడు. విగ్రహానికి కొలతలుంటాయని, విరిగిన విగ్రహాన్ని ఇంట్లో కూడా ఉంచరని, నువ్వేమో రోజూ కూలిపోయే దేవుణ్ణి చేస్తున్నావని, అదీ ఒక జాలరిదాని దగ్గర నేర్చుకుని చేస్తున్నావని అన్నాడు. మానుకోకపోతే తండ్రి ఉలులు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. దివాకర లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి అన్న ముందు పెట్టాడు.

"నాన్న ఉలులు నీ దగ్గరే ఉండనీ పెద్దన్నా. చేతులు మాత్రం నావి."

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఊరంతా అరటిదొప్పల పడవలు వదలడానికి సముద్రానికి వస్తుంది. ఆ రోజుకు నవగుంజరాన్ని చెక్కుతానన్నాడు దివాకర. అర్జునుడికి కృష్ణుడు కనబడిన రూపం అది: కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక; ఏనుగు, పులి, గుర్రాల కాళ్లు ఒక్కొక్కటి; నాలుగో కాలి చోట పైకెత్తిన మనిషి చెయ్యి. వదిన కూడా ఎప్పుడూ దాని జోలికి పోలేదు. ఇసుక మూడు కాళ్ల మీద నిలబడదు, పొట్ట కింద ఇసుక అలాగే వదిలేసి కాళ్లు పైపైన గీయమంది. ఆయన ఒప్పుకోలేదు. వదిన బిందె తీసుకుని నీళ్లకు వెళ్లింది.

రెండు రోజులు చెక్కాడు. పౌర్ణమి నాడు పొద్దు పొడిచే వేళకు పొట్ట కింద ఇసుకంతా తీసేశాడు. అది నిలబడింది. జనం మూగారు. రాఘవ కూడా వచ్చాడు. సరిగ్గా అప్పుడే పైకెత్తిన చెయ్యి విరిగి పడింది.

"చూశావా, దేవుడే తీసేశాడు," అన్నాడు రాఘవ.

"దేవుడు కాదు. నేను తడి తక్కువ పెట్టాను."

మళ్లీ ఇసుక తడిపి చెయ్యి పెట్టాడు. మళ్లీ పడింది. ఎవరో నవ్వారు. మూడోసారి మోచేతిని నెమలి మెడకు ఆనించి, లావుగా కట్టాడు. ఈసారి ఆగింది.

"ఈ చెయ్యి ఏ కొలతకూ సరిపోదు," అన్నాడు రాఘవ. "ఎవరు నేర్పారు నీకు ఇది?"

దివాకర లేచి, అంతమందిలో వదిన కాళ్లకు వంగాడు. ఆమె కంగారుపడి వెనక్కి జరిగింది.

"ఈమె నా గురువు. నమస్కారం పెట్టి వెళ్తావో, ఊరికే వెళ్తావో నీ ఇష్టం."

రాఘవ ఊరికే వెళ్లిపోయాడు. పడవలు వదిలి వస్తున్న ఆడవాళ్లు మాత్రం ఆగి దణ్ణం పెట్టుకున్నారు. పౌర్ణమి పెద్ద పోటుకు నీళ్లు అంత ఎత్తుకు ఎక్కేదాకా నవగుంజరం మూడు కాళ్ల మీదే నిలబడింది.

ఆ వారంలోనే రాఘవ వాళ్ల రాతిపని కార్ఖానా బోర్డు మీంచి ఆయన పేరు చెరిపేశారని తెలిసింది. ఆయన అడగడానికి వెళ్లలేదు. మర్నాడు వదిన వచ్చేసరికి కొత్త కుప్ప పోస్తూ కనిపించాడు. ఈసారి రెండు కాళ్ల మీద నిలబెడతానన్నాడు. కుదరదంది వదిన. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఇద్దరూ దాని మీదే పోట్లాడుకున్నారు.