పిడికిలి పాదాలు

తెల్లవారగానే పేడనీళ్లు కలిపి వాకిట్లో సాన్పి చల్లడం ఆ ఉమ్మడి ఇంటి పెద్దకోడలు చిలుకమ్మ వంతు. ఆ తడి మీద పుట్టబోయే పిల్లల అడుగులు పడేవి. తల్లి నెల తప్పకముందే చిన్న చిన్న పాదాలు వీధి గుమ్మం దాటి వచ్చి, తమకు నచ్చిన తలుపులోకి పోయేవి. మట్టెవాడలో అందరి ఇళ్లలోనూ ఉన్నదే కాబట్టి ఎవరూ దాన్ని వింతగా చెప్పుకునేవారు కాదు.

వాకిట్లో ఎడమ తలుపు చిలుకమ్మది, కుడి తలుపు తోటికోడలు మొగిలమ్మది. ఏళ్లు గడిచినా ఎడమకు ఒక్క అడుగూ తిరగలేదు. కుడికి ముగ్గురు తిరిగారు. పేడ కలిపేదీ తనే, చల్లేదీ తనే, నడుం పట్టేసేదీ తనకే. పిల్లలు మాత్రం పిలిచినట్టు అటే పోతారు. మొగిలమ్మ చంకలో పిల్లను చూస్తే చిలుకమ్మకు కడుపు మండిపోయేది. అది తప్పని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా!

ఎమర్జెన్సీ వచ్చాక పొద్దున్నే సర్కారు జీపు తిరగసాగింది. అందులోవాళ్లు దిగి సాన్పి మీద అడుగులు చూసేవారు. ముగ్గురున్న ఇంట్లోకి ఇంకో అడుగు పోయిందంటే మగమనిషిని ఎక్కించుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేవారు. మర్నాడు ఆ ఇంటి అడుగులు వచ్చిన దారినే వీధిలోకి వెళ్లిపోయేవి. సాన్పి చల్లకపోతే ఏదో దాస్తున్నారని అనుమానం. అడుగులు చెరిపితే మళ్లీ తేలేవి. పక్కింటి పోశయ్యకు కోసినచోట చీము పట్టి ఇంకా మంచం దిగలేదు. మొగిలమ్మ మొగుడు మొండయ్య మార్కెట్లో మిరప బస్తాలు మోసే హమాలీ. అతను మంచం పడితే ఇల్లు గడవదు.

ఒకనాడు చిలుకమ్మ చల్లడం ముగించి తిరిగి చూసేసరికి అడుగులు రానే వచ్చాయి. నాలుగోసారీ కుడికే. తీసుకుపోనీ, మొండయ్యను జీపెక్కించుకుపోనీ, ఈ మొగిలమ్మకు కూడా బిడ్డ దక్కలేదని ఒక్కసారి అనిపించనీ అనుకుంది. అంతలో మొగిలమ్మ బయటికొచ్చి, ఆ అడుగులు చూసి గడప మీదే కూలబడింది.

"అక్కా, మూల మీదికి జీపొచ్చింది. నీ మరిదిని పట్కపోతరు. జర ఏమన్న చెయ్యే."

చిలుకమ్మకు మరిది మీద జాలేసింది. జాలి కన్నా పెద్ద ఆశ కూడా అప్పుడే పుట్టింది. ఎడమచేతిలో బకెట్టుతోనే వంగి, కుడి తలుపు ముందరి అడుగులను అలికేసింది. కృష్ణాష్టమికి చిన్ని పాదాలు వేసినట్టే పిడికిలి తడిలో ఒత్తి, వేలికొసతో చుక్కలు పెట్టుకుంటూ, వాకిలి మధ్య నుంచి తన తలుపు దాకా పాదాలు వేసుకుంటూ పోయింది. పండగకైతే కుడి పిడికిలితో కుడి పాదం, ఎడమ పిడికిలితో ఎడమ పాదం వేయాలి. బకెట్టు దించే తీరిక ఆమెకెక్కడిది?

జీపువాళ్లు వచ్చి చూశారు. పిల్లల్లేనివాళ్ల తలుపేలెమ్మని వెళ్లిపోయారు. చెరిపిన అడుగులు ఈసారి మళ్లీ తేలలేదు. వాటికి వేరే దారి దొరికింది.

మొగిలమ్మ మాత్రం కొత్త అడుగులను చాలాసేపు చూసింది.

"అన్నీ కుడికాళ్లే ఏసినవ్ గదక్కా," అన్నది. చిలుకమ్మ పోయి బకెట్టు కడుక్కుంది.

మరుసటేడు చిలుకమ్మకు కొడుకు పుట్టాడు. రెండూ కుడికాళ్లే. చెప్పులు కుట్టేవాడికి ముందే చెప్పి పెట్టుకొమ్మని మాత్రం మంత్రసాని అన్నది. మొగిలమ్మ ఎత్తుకుంటానంటే, దిష్టి తగులుతుందని చిలుకమ్మ వాడి మీద కొంగు కప్పేది. ఇన్నాళ్లకు మొగిలమ్మ కళ్లలో తన పాత మంటను చూసింది, చూసి సంతోషపడింది కూడా.

పిల్లవాడికి నడక వచ్చిన రోజు చిలుకమ్మ మొగుడు కట్టయ్య వాణ్ని వీధి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. ఆమె తన తలుపు ముందు కూర్చుని చేతులు చాచింది. వాడు తల్లినే చూస్తూ, నవ్వుతూ బయల్దేరాడు. రెండు కుడికాళ్లూ వాణ్ని కొంచెం కొంచెంగా కుడికి లాక్కుపోయాయి. పోయి పోయి కుడి గడప మీద కూర్చున్న మొగిలమ్మ మోకాళ్లకు తగిలి ఆగాడు.

మొగిలమ్మ వాణ్ని ఎత్తుకుని, వాడి మెడలో ముఖం దాచుకుంది. తర్వాత వాకిలి దాటి వచ్చి చిలుకమ్మ ఒళ్లో కూర్చోబెట్టింది.

"మల్ల నడిపియ్యక్కా," అని, పోయి తన గడప మీద కూర్చుంది.