వేళ్ల మీది గీతలు

ఎస్తేరు ఆళ్లగడ్డలో ఇరవై ఆరేళ్లు అంగన్‌వాడీ ఆయాగా చేసింది. పెద్దపేగులో క్యాన్సరని తేలి, నంద్యాలలో ఆపరేషన్ అయ్యాక డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. రెండు వారాలు మింగాలి, ఒక వారం ఆపాలి. రెండో నెలకే అరచేతులు ఎర్రబారి, పచ్చిమిరపకాయలు నూరినట్టు మండసాగాయి. తర్వాత తోలు పొరలుపొరలుగా లేచిపోయింది. మందు గుణమే అంతని చెప్పి డాక్టరు మోతాదు తగ్గించాడు, పూతమందు ఇచ్చాడు. వేళ్లు మాత్రం గాజుపెంకుల్లా నున్నగా అయిపోయాయి.

అవి ఎంత నున్నబడ్డాయో రిజిస్ట్రేషన్ ఆఫీసులో తెలిసింది. ఉన్న రెండు గదుల ఇల్లు ఎస్తేరు పేరునే ఉంది. ఆమె ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే కొడుకు అజయ్ కుమార్ దాన్ని అమ్మే మాట ఎత్తాడు. మొగుడు చచ్చిపోయి పుట్టింటికి చేరిన కూతురు కరుణ అప్పుడు ఎక్కడికి పోతుంది? అందుకే ఇల్లు కరుణకు రాసిచ్చేయాలని ఎస్తేరు పట్టుబట్టింది.

మిషన్ మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు వెలిగింది. చేతులు కడుక్కొచ్చినా అంతే. పది వేళ్లూ పెట్టి చూసినా ఒక్కటీ పడలేదు.

"గీతలే లేవు కదమ్మా! డాక్టరుతో కాయితం రాయించుకోనిరా. పై సారునడిగి ఇంకో దావ చూస్తాం. టైము పడ్తది," అన్నాడు గుమాస్తా.

"పోనీలే మా, నిమ్మళంగా చూద్దాం. ఇప్పుడేం తొందర?" అంది కరుణ.

తనకు ఎంత కాలముందో ఎస్తేరుకు తెలియదు. నంద్యాలలో నర్సు ఒకసారి మాటల్లో, "మందు నిలిపేసినాంక గీతలు మళ్లొస్తాయిలే పెద్దమ్మా," అంది. ఆ మాట ఆమెను పట్టుకుంది.

ఆ వారం నుంచి కరుణ మాత్రలిచ్చి నీళ్లందిస్తే, ఎస్తేరు వాటిని దవడన పెట్టుకునేది. కరుణ అటు తిరగగానే దొడ్లోకి పోయి కాలవలో ఉమ్మేసేది. ప్రార్థనకు కూర్చుంటే నోట మాట వచ్చేది కాదు. దేవుడికి కూడా అబద్ధమే చెబుతున్నట్టుండేది.

ఐదో వారానికి కరుణ తల్లి చేతులు పట్టుకుని మురిసిపోయింది. "మానుతాండాయి మా! మందు ఒంటికి పట్టినట్టుందే!"

ఎస్తేరు చేతులు వెనక్కి లాక్కుంది.

తొమ్మిదో వారంలో బొటనవేలు పడింది. ఇల్లు కరుణదైంది.

నెల తిరగకముందే నంద్యాలలో స్కానింగ్ తీశారు. జబ్బు కాలేయానికి పాకింది. డాక్టరు ఫిల్ము చూసి, "మాత్రలు సరిగా వేసుకుంటున్నారా?" అని అడిగాడు.

"ఒక్క పూటన్నా తప్పలేదు సార్. నా చేత్తోనే ఇచ్చినా," అంది కరుణ.

కూతురు అంత నమ్మకంగా చెబుతుంటే ఎస్తేరు ఓర్చుకోలేకపోయింది. "ఇంటి కాయితాలకు వేలు పడేదాకా నేను మింగలేదు సారూ. రెండు నెల్లు," అంది.

 మింగి ఉంటే ఆగేదా అని కరుణ అడిగితే, ఆగేదనీ ఆగేది కాదనీ చెప్పలేనన్నాడు డాక్టరు. ఇక సెలైన్‌లో మందు ఎక్కించాలన్నాడు.

తిరుగు బస్సు శిరివెళ్ళ దాటింది. కరుణ కిటికీ వైపు చూస్తూనే అంది: "నేనడిగినానా మా, ఇల్లు?"

"అడగలేదు."

"నువ్వు లేని ఇంట్లో నేనేం జేస్తా? గోడల్తో మాట్లాడ్తానా?"

 చేసింది తప్పా అని ఎస్తేరు తనను తానే ప్రశ్నించుకుంది. తప్పే అనిపించింది. మళ్లీ ఆ రోజుకే వెనక్కి పోతే మింగుతానా అనుకుంది. మింగుతానని మాత్రం గట్టిగా అనుకోలేకపోయింది.

కొత్త మందు మొదలైంది. రెండు వారాలకోసారి నంద్యాలకు పోయి రావాలి. వాంతులకని ఇంటికి మాత్రలిచ్చారు. కరుణ ఒక్కొక్కటీ తల్లి నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించి, ఎదురుగా నిలబడుతుంది.

"నోరు తెరు."

అంగన్‌వాడీలో పిల్లల చేత ఎన్నిసార్లు నోళ్లు తెరిపించిందో ఎస్తేరుకు లెక్కలేదు. ఇప్పుడు తనే తెరుస్తుంది. నాలుక కింద కూడా చూసి, కరుణ గ్లాసు తీసుకుని లోపలికి పోతుంది.