నిదానక్క రెండో కోటు

నిదానక్కకు పుట్టినప్పుడు పెట్టిన పేరొకటుంది. అది కాగితాల మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆమె ఒక మాట మొదలుపెట్టి ముగించేలోపు ఎదుటివాళ్ళు కాఫీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వచ్చేయవచ్చు. అలాగని నత్తి కాదు, భయమూ కాదు. మాటను నోటిదాకా తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇదే నేను చెప్పదలచుకున్నది అని తేల్చుకున్నాకే బయటికి వదులుతుంది. అంతసేపు ఎవరాగుతారండీ? ఆ ఇంట్లో అసలే ఆగరు. వాళ్ళమ్మ కుట్టుమిషను తొక్కుతూనే కూతురి మాట తనే పూర్తిచేసేస్తుంది. తమ్ముడు సరేసరి. బండి మీద ఇంటింటికీ పార్సిళ్ళు చేరవేసే ఉద్యోగం. కాలూ ఒకచోట నిలవదు, నోరూ నిలవదు.

ఆ తమ్ముడికి ఒక వీడియో గేమంటే ప్రాణం. వింత వింత జీవులను పెంచి, మూడింటిని ఒక జట్టుగా కట్టి, ఇంకొకరి జట్టుతో కొట్లాడించే ఆట. బరిలో ఇటొకటి, అటొకటి ఉంటాయి. ఇద్దరూ తమతమ జీవికి ఏం చెయ్యాలో చెప్పాలి. ఏది చురుకైనదైతే అది ముందు కొడుతుంది. వంతు వంతుకీ ముప్పై సెకన్ల గడియారం నడుస్తుంది. ఆలోగా చెప్పకపోతే ఆటే ఏదో ఒకటి నొక్కేస్తుంది. వీధి చివర గేముల షాపులో వీళ్ళకొక క్లబ్బుంది. దానికి తమ్ముడే కెప్టెన్. ఏటా పక్క ఊళ్ళ క్లబ్బులతో పోటీ జరుగుతుంది, క్లబ్బుకు నలుగురు వెళ్ళాలి.

నిదానక్కా ఆడుతుంది. పోయినేడు ఎవరికో జ్వరమొస్తే ఆ ఖాళీలో కూర్చుంది. మూడు ఆటలు ఆడింది. మూడింట్లోనూ ఆమె ఆలోచిస్తూ ఉండగానే గడియారం అయిపోయింది. ఓడినందుకు ఆమె అంతగా బాధపడలేదు గానీ, వేలు మీట మీద పెట్టబోతుంటే ఆట తనంతట తాను నొక్కేసుకోవడం మాత్రం ఏడాది పాటు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అక్కడ కూడా తన మాట ఇంకెవరో పూర్తిచేసినట్టే కదా.

ఈ ఏడు నాలుగోవాడు ఉద్యోగం మారి ఊరొదిలిపోయాడు. చోటు ఖాళీ అయింది. తమ్ముడు అన్నం తింటూ, "రెండు వారాల్లో ఎవరైనా నన్ను ఓడిస్తే వాళ్ళకే ఆ ప్లేసు" అన్నాడు.

"ఈసారి... నేను..." అంది నిదానక్క.

"చూడ్డానికొస్తానంటావు, అంతేగా? రా అక్కా, ముందు వరసలో కుర్చీ వేయిస్తా."

"పాపం, దానికీ కాస్త బయటికెళ్ళినట్టుంటుంది, తీసుకెళ్ళరా" అంది అమ్మ.

ఆమె చెప్పబోయింది అది కాదు. కానీ అప్పటికే తమ్ముడు చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

నిదానక్క పనిచేసేది పెయింట్ల షాపులో. రంగులు కలపడం ఆమె పని. ఎవరో తలుపు నుంచి ఊడిన చిన్న పెచ్చు పట్టుకొచ్చి సరిగ్గా ఇదే రంగు కావాలంటారు. ఆమె డబ్బాలో తెల్లరంగు పోసి, ఇందులోంచి రెండు చుక్కలు, అందులోంచి ఒక చుక్క వేసి కలిపి, అట్టముక్క మీద కాస్త పూసి, ఆరనిస్తుంది. తడిగా ఉన్న రంగు అబద్ధం చెబుతుందని ఆమె నమ్మకం. ఆరడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. కొనడానికొచ్చినవాళ్ళు కాళ్ళు మార్చుకుంటూ విసుక్కుంటే ఓనరు గల్లాపెట్టె దగ్గర నుంచే, "ఆమెను తొందరపెట్టకండి బాబూ, మీ గోడే పాడవుతుంది" అనేవాడు. లోకంలో ఆమెను తొందరపెట్టని మనిషి ఆయనొక్కడే.

రంగు ఆరే ఆ ఏడెనిమిది నిమిషాల్లో ఆమె జేబులోంచి గేము తీసేది.

"ఎటాక్ టీమంటే స్పీడక్కా. ముందు కొట్టినవాడిదే ఆట" అని తమ్ముడు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. అతని జట్టులో అన్నీ కన్నుమూసి తెరిచేలోపు కొట్టే రకాలే. క్లబ్బులో అందరూ అతన్నే చూసి వాతలు పెట్టుకున్నారు. నిదానక్కకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ముందు కొట్టడమే అంతా అయితే, ఈ ఆట తయారుచేసినవాళ్ళు ఇన్ని మొద్దు జీవులను ఎందుకు పెట్టినట్టు? ఒట్టినే జాగా నింపడానికా? ఆమె ఆ మొద్దులను ఒక్కొక్కటిగా తెరిచి చూసింది. కదలడానికి బద్ధకమే గానీ, కొట్టే దెబ్బ మాత్రం చురుకైనవాటికి రెండింతలుంది. పాపం, ఆ దెబ్బ కొట్టేదాకా వాటిని ఎవరూ బతకనివ్వరు.

అదేం చిత్రమో, ఒకసారి కుతూహలం పుట్టిందంటే ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. మూడు రోజుల పాటు ఆటలో జీవులకు నేర్పగల విద్యలన్నీ వరసగా చదువుకుంటూ పోయింది. నాలుగో రోజు, లేతాకుపచ్చ రంగు ఆరుతుండగా, జాబితా అడుగున ఎవరూ వాడని ఒక విద్య కనిపించింది. పేరు తలకిందులు. అది వేస్తే ఆరు వంతుల పాటు నెమ్మదైనదే ముందు కదులుతుంది.

నిదానక్క దాన్ని మళ్ళీ చదివింది. అట్టముక్క ఆరిపోయింది. కొనడానికొచ్చినాయన దగ్గాడు. ఆమె మూడోసారి చదివింది.

ఆ రోజు నుంచి చూడాలి ఆమె హడావిడి! హడావిడంటే ఆమె లెక్కలో హడావిడి లెండి. రంగుల కొలతలు రాసుకునే పుస్తకాన్ని వెనక నుంచి తిరగేసి, ఆట సంగతులు రాయడం మొదలుపెట్టింది. తలకిందులు వెయ్యడానికి బండరాయిలాంటి ఒక జీవిని ఎంచుకుంది. ఎంత కొట్టినా ఓ పట్టాన పడదు. దానికి దిమ్మ అని పేరు పెట్టింది. రెండోది గోనెసంచిలా జారిపోయే కప్ప, పేరు బస్తా. మూడోది బల్లపరుపుగా ఉండి ఆవిరి కక్కేది, దాని పేరు ఇస్త్రీ.

ఒకసారి తమ్ముడు ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. అప్పుడామె బస్తా మెడకు ఇనపగుండు తగిలిస్తోంది. ఆ గుండు తగిలిస్తే ఉన్న వేగంలో సగం పోతుంది.

"అక్కా! నీకేమైనా మతిపోయిందా? అసలే అది పాకలేక పాకుతోంది!"

"ఇది... ఇలా..."

"ఇలా అమ్మేద్దామనా? దాన్నెవరు కొంటారే తల్లీ!" అని నవ్వుకుంటూ బండి తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి మళ్ళీ వెనక్కి చూశాడు. నిదానక్క అది గమనించలేదు.

అన్నీ ఒడుపుగా జరిగిపోయాయని అనుకోకండి. ఆమె కూడా పప్పులో కాలేసింది. ఆరు వంతులు చాలడం లేదనిపించింది. గోడకు రెండో కోటు వేస్తే రంగు ముదురుతుంది కదా, తలకిందులు ఉండగానే దాని మీద ఇంకోసారి వేస్తే ఇంకో ఆరు వంతులు కలుస్తాయని ఆమె లెక్క. రంగుల మనిషి కదా, ఇంకెలా అనుకుంటుంది? తీరా వేసి చూస్తే, ఉన్నది కాస్తా ఊడిపోయింది. ఆట మళ్ళీ మామూలుగా అయిపోయింది. ఎదుటివాడి చురుకు జీవి మూడింటినీ వరసపెట్టి మట్టికరిపించింది. ఇంకొకరైతే గేము అవతల పడేసేవారు. ఈమె పుస్తకం తీసి నిదానంగా రాసుకుంది. "రెండో కోటు వేస్తే మొదటి కోటూ పోతుంది. ఎందుకో? దీనితో ఏం పని?"

ఇక గడియారం సంగతి. ముప్పై సెకన్లలో ఆలోచించడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు. అందుకని ముందే ఆలోచించి పెట్టుకుంది. రంగుల షేడ్ కార్డుల్లాగే అట్టముక్కలు కత్తిరించి, ఎదుట ఇది ఉంటే ఇది, అది చేస్తే ఇది, అని రాసి పెట్టుకుంది. మొత్తం యాభై మూడు అట్టలయ్యాయి. తమ్ముడి జట్టు ఆమెకు కంఠతా వచ్చు. అతను దింపగలిగిన ప్రతి దానికీ ఒక అట్ట ఉంది.

రెండు వారాలు పూర్తయిన ఆదివారం మధ్యాహ్నం, ముందుగదిలో, పోటీకి వెళ్ళే మిగతా ఇద్దరూ సోఫాలో కూర్చుని ఉండగా, నిదానక్క గేము పట్టుకొచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చుంది. పక్కన అట్టల కట్ట పెట్టుకుంది.

"ఏంటక్కా, పేకాటా?" అన్నాడు తమ్ముడు.

ఆమె అట్టల అంచులు సరిచేసుకుంది. ఇది పోతే ఇక ఈ జన్మకు తను ముందు వరసలో కుర్చీకే పరిమితం. ఆ సంగతి ఆమెకు తెలుసు.

మొదటి వంతులో అతను మెరుపును దింపాడు. అతని దగ్గరున్నవాటిలో అదే చురుకైనది. అది దిమ్మను సగానికి సగం కొట్టింది. దిమ్మ తలకిందులు వేసింది. సోఫాలో ఇద్దరూ ముందుకు వంగారు. రెండో వంతులో ఆమె దిమ్మను వెనక్కి పిలిచి బస్తాను దింపింది. బస్తా దెబ్బ తిని కూడా నిలబడింది. మూడో వంతులో ఆ ఇనపగుండు కప్ప మెరుపుకంటే ముందు కదిలి, ఒకే ఒక్క దెబ్బకు దాన్ని పడగొట్టింది.

"అదేంట్రా అది!" అన్నాడు సోఫాలో ఒకడు.

అతని రెండోది చిచ్చు. నాలుగో వంతులో అదీ పోయింది. నిదానక్క అట్ట చూడటం, నొక్కడం, అంతే. కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. అమ్మ లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

అతనికింక మిగిలింది ఒక్కటే. తప్పకుండా ఇంకో చురుకుదే అయ్యుంటుందని ఆమె ఆ అట్ట తీసి సిద్ధంగా పెట్టుకుంది. అప్పుడు తమ్ముడు కళ్ళు దించుకుని మూడోదాన్ని దింపాడు.

అది రోలు. ఆ ఆట మొత్తంలో దానికన్నా మొద్దు జీవి ఇంకోటి లేదు. పైగా దాని మెడకూ ఇనపగుండు ఉంది.

తలకిందుల్లో నెమ్మదైనదే ముందు కదా. ఐదో వంతులో రోలు బస్తాకంటే ముందు కదిలి దాన్ని నుజ్జు చేసింది. తలకిందులు ఇంకా రెండు వంతులుంది. ఆమె దగ్గర మిగిలింది సగం ప్రాణంతో దిమ్మ, దెబ్బ తగలని ఇస్త్రీ. ఆవిరి తగిలితే రోలు పగిలిపోతుంది, నిజమే. కానీ ఇస్త్రీ కదిలేలోపు రోలు దాన్ని పిండి చేస్తుంది. రెండు వంతులు, రెండు దెబ్బలు. తమ్ముడు సరిగ్గా లెక్కపెట్టే దింపాడు.

నిదానక్క అట్టల కట్ట వంక చూసింది. రోలుకు అట్ట లేదు. గడియారం ముప్పై నుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది.

"ఇస్త్రీని దించండక్కా, ఇంకేముంది!" అన్నాడు సోఫాలో ఒకడు.

"టైమైపోతోందే, ఏదో ఒకటి నొక్కెయ్యవే!" అంది అమ్మ.

నిదానక్క కుడిచెయ్యి పైకెత్తింది. "ఆరనివ్వండి" అంది. ఒక్క మాట, కానీ గట్టిగా అంది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు. అందరూ నోళ్ళు మూసుకున్నారు.

పద్దెనిమిది. పద్నాలుగు. తన చేతిలో ఉన్నవాటన్నింటికంటే నెమ్మదైనది ఎదురుగా ఉంది. పదకొండు. మరయితే, మామూలు ఆటలో ఇస్త్రీ దానికంటే చురుకైనదే కదా? ఏడు. ఇస్త్రీ చురుకైనది! ఆ మాట తలచుకోగానే ఆమెకు నవ్వొచ్చింది. నాలుగు సెకన్లు ఉండగా దిమ్మను దింపి, రెండు సెకన్లు ఉండగా తలకిందుల మీద తలకిందులు నొక్కింది.

రోలు ముందు కొట్టింది. దిమ్మ ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. ఆ వెంట్రుకవాసి ప్రాణంతోనే అది రెండో కోటు వేసింది. మొదటి కోటూ పోయింది.

తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు. తరువాతి వంతులో దిమ్మ ఒక చిన్న దెబ్బ వేసి పడిపోయింది. ఇస్త్రీ దిగింది. మామూలు ఆట, మామూలు లెక్క. ఇస్త్రీ ముందు కదిలింది, గది నిండా ఆవిరి చప్పుడు వినిపించింది, రోలు రెండుగా పగిలింది.

"గెలిచేసిందా?" అని అమ్మ అడిగింది.

"రోలును నీకోసమే పెంచాను అక్కా" అన్నాడు తమ్ముడు. "నువ్వు బస్తాకి గుండు కట్టావు చూడు, ఆ రోజు పార్సిళ్ళిస్తుంటే ఉన్నట్టుండి అర్థమైంది. భయమేసింది. పది రోజులు దొంగచాటుగా పెంచాను. నేనిట్లాంటి మొద్దుదాన్ని పెంచడం ఇదే మొదటిసారి, తెలుసా?"

గెలిచినదానికన్నా, తనను చూసి ఒకడు పది రోజులు భయపడ్డాడన్న మాటకే నిదానక్కకు ఎక్కువ సంతోషమేసింది.

తమ్ముడు జేబులోంచి పోటీ కాగితం తీశాడు. ఎవరి తరువాత ఎవరు ఆడాలో అందులో రాసివ్వాలి. మొదటి గీత మీద కెప్టెన్ పేరు ఎప్పుడో రాసి ఉంది. అతను నాలుగో గీత మీద కలం పెట్టాడు.

"ఈసారి... నేను..." అంది నిదానక్క.

"నాలుగోదాన్నైనా సరే అంటోంది, రాసెయ్యరా" అంది అమ్మ.

తమ్ముడు నోరు తెరిచాడు. అతనికీ ఒక మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగేశాడు.

"అమ్మా, ఆగు. అక్క ఇంకా చెప్పలేదు."

అందరూ ఆగారు. నిదానక్క ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. సోఫాలో ఒకడు కాలు మార్చి కాలు వేసుకున్నాడు. తమ్ముడు కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"...మొదట ఆడతాను."

తమ్ముడు కాగితం వంక చూశాడు, అక్క వంక చూశాడు. తరువాత మొదటి గీత మీదున్న తన పేరు కొట్టేసి, దాని పైన ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు రాశాడు. తన పేరు నాలుగో గీత మీద రాసుకున్నాడు.