కాగిన నూనె

బూరెల మూకుడు అడుగున నూనె నల్లగా, జిగటగా ఉంది. మొన్న బజ్జీలు, నిన్న అప్పడాలు వేగిన నూనె. మా ఇంట్లో అది నా కూరలోకి. మా ఆయన రాంబాబుకి రెండేళ్ళ క్రితం గుండెకి స్టెంటు వేసినప్పటి నుంచీ ఇదే పద్ధతి. "వాడికి గానుగ నూనె, అదీ చెంచాడే. కాగింది పారబోస్తామా? నువ్వు వయసులో ఉన్నావు, అరుగుద్ది" అంది మా అత్తగారు. ఆవిడా కొడుకు కూరే తింటుంది. ఆయన మాత్రం రెండంటే రెండే అంటూ ఆరు బజ్జీలు తింటాడు. సిగరెట్టూ మానలేదు. ఏసీ చల్లదనం పోతుందని కిటికీ తియ్యనివ్వడు. తెల్లారేసరికి నా జడంతా పొగ కంపు. టీ గ్లాసులో నాని ఉబ్బిన పీకల్ని వేలితో గీకి కడిగేది నేను. "ఉప్పులేసి వాడి గుండె పాడుచేసింది" అని చుట్టాలకు చెప్పేది అత్తయ్య.

ఇవాళ నర్సు జయమణి గారు ఇంటింటికీ బీపీ చూస్తూ వచ్చారు.

"మావాడు డ్యూటీకి ముక్త్యాల వెళ్ళాడమ్మా" అంది అత్తయ్య.

"ఈ అమ్మాయికి చూస్తాలెండి."

"దానికేంటి, గుండ్రాయిలా ఉంది!"

ఆవిడ రెండుసార్లు చూశారు. "నూట డెబ్బై, నూట పది. ముప్పై రెండేళ్ళకే? ఆయాసం వస్తుందా?"

"మేడ మీద బట్టలారేసేటప్పుడండీ. దవడ కూడా లాగుద్ది."

"గ్యాసండీ. వాము నమలవే అంటే వినదు" అంది అత్తయ్య.

"మీ అమ్మగారు ఉన్నారా?"

"లేదండీ. నలభై నాలుగేళ్ళకే పోయింది. ఆమెకీ గ్యాసనే అన్నారు."

జయమణి గారు రాయడం ఆపారు. "ఇవాళే నందిగామ ఆస్పత్రికెళ్ళి ఈసీజీ తీయించుకో. ఇప్పుడే."

ఆవిడ గడప దాటగానే అత్తయ్య నవ్వింది. "ఇవాళేనంట! వాడొస్తే అన్నం ఎవరు వడ్డిస్తారో?"

మూకుడు వంక చూశాను. ఆ నలుపును అన్నంలో కలుపుకుని రెండేళ్ళు నోట్లో పెట్టుకున్న నా చేతిని చూస్తే రోత పుట్టింది. చెయ్యి సబ్బుతో రుద్ది కడుక్కున్నాను. ఆయన కోసం మూతపెట్టిన బీరకాయ కూర తీసి, అన్నంలో అంతా వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని తిన్నాను. చెప్పులేసుకున్నాను.

అత్తయ్య ఖాళీ గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "మరి వాడికి కూరేదే?"

"కాగిన నూనె ఉందిగా అత్తయ్యా. పారబొయ్యలేదు."