లేవని నడుము

రోజూ సాయంత్రం ఆ జూడో హాల్లో మొదట చీపురు పట్టేది పెద్దమాస్టారే. చాపలు తుడిచి, చెప్పులు గోడవారగా వరస పెట్టించి, ముందు పిల్లల్ని పిలిచేవాడు, ఆ తర్వాత పెద్దవాళ్లని. పిల్లలు ధబధబా పడటం నేర్చుకుంటుంటే బ్యాంకు క్యాషియరూ, పళ్ల డాక్టరూ, బస్సులకి సీటు కవర్లు కుట్టే ఆవిడా గోడకానుకుని, బెల్టులు బిగించుకుంటూ కబుర్లాడుకునేవాళ్లు.

తలపడేముందు ఎదుటివాళ్లకి వంగి వందనం పెట్టాలి, అయ్యాక మళ్లీ పెట్టాలి. జూడో అన్నాక ఎక్కడైనా ఉండేదే అది. ఈ హాల్లో మాత్రం లోపల ఒకటి పెట్టుకుని పైకి వందనం పెడితే వంగిన నడుము వంగినట్టే ఉండిపోయేది. అక్కడ అదేమీ వింత కాదు. కిసకిసా నవ్వుతూ వంగిన పిల్లలు నవ్వు ఆగేదాకా అలాగే ఉండేవాళ్లు. క్యాషియరు ఒకసారి తన మేనేజరుతో తలపడాల్సొచ్చి, వంగినవాడు వంగినట్టే బస్సెక్కి ఇంటికెళ్లాడు. మర్నాడు కౌంటర్లో జనానికి ఆయన నడినెత్తే కనపడింది. "ఏం, మేనేజరేనా?" అని పరామర్శించి, పని చూసుకుని పోయారు.

సీటు కవర్లావిడకి ఆ హాలంటే ప్రాణం. పగలంతా రెగ్జిన్ లాగి లాగి గట్టిపడిన వేళ్లు ఆవిడవి. కాలరు పట్టిందంటే విడిపించుకోవడం మగవాళ్లకీ తలకి మించిన పనే. నల్ల బెల్టుకి ఒక్క మెట్టు కింద, గోధుమరంగు బెల్టు దాకా వచ్చింది, కూతుర్నీ తెచ్చి చేర్పించింది. ఆ పిల్లని హాల్లో అందరూ పిడుగు అనేవాళ్లు.

ఇప్పుడా పిడుగు చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది.

చేసింది చిన్నమాస్టారు. పెద్దమాస్టారి తమ్ముడతను, పిల్లల క్లాసు చూసేది అతనే. మోచేతి పట్టు చూపిస్తానని పిల్లని పడుకోబెట్టి చెయ్యి మెలిపెట్టాడు. నొప్పి పుడితే రెండో చేత్తో చాపని తట్టాలి. తట్టగానే వదిలెయ్యాలి, ఇంక మారుమాట లేదు. ఆ నమ్మకమే లేకపోతే ఎవరు ఎవరికి చెయ్యిస్తారు? పిల్ల తట్టానంది. అతను తట్టలేదన్నాడు. చుట్టూ పిల్లలు పడుతున్న చప్పుళ్లలో తట్టిందో లేదో ఎవరికీ తెలీదు. ఎముక విరిగిన చప్పుడు మాత్రం అందరికీ వినపడింది.

అంతే, అబద్ధం పిల్లదైపోయింది. పెద్దమాస్టారు ఇంటికొచ్చి మరీ, "కంగార్లో తట్టాననుకుని ఉంటుందమ్మా, చిన్నపిల్ల కదా" అన్నాడు. పళ్ల డాక్టరు, "పోనిద్దురూ, అతను కావాలని చేస్తాడా" అన్నాడు. ఒక్కొక్కరి మాటా వింటుంటే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది. మిషను తొక్కితే సూదులు పటపటా విరిగేవి. పిడుగు భోజనానికి పిలిచినా పలకడం మానేసింది. హాలు పేరెత్తితే గోడవైపు తిరిగి పడుకునేది. నలుగురూ కలిసి పిల్లకి తన మాట మీద తనకే నమ్మకం లేకుండా చేస్తున్నారు, అదీ తల్లి కడుపుమంట. ఓ రోజు పిల్ల వచ్చి, "నేను నిజంగా తట్టానా అమ్మా?" అని అడిగింది. ఆవిడ కత్తెర బల్ల మీద పడేసి, పిల్ల మంచి చెయ్యి పుచ్చుకుని నేరుగా హాలుకి వచ్చేసింది.

హాల్లో పెద్దలూ పిల్లలూ అందరూ ఉన్నారు.

"రా అమ్మా, నేనే కబురు పెడదామనుకుంటున్నా" అన్నాడు పెద్దమాస్టారు. "ఎన్నాళ్లిలా ఎడమొహం పెడమొహం? మావాడూ నువ్వూ ఓ వందనం పెట్టుకోండి, సరిపోతుంది."

"ఏం సరిపోతుంది? విరిగింది నా చెయ్యా? దీనికి పెట్టమనండి."

"చిన్నపిల్లకి వాడు వంగడమేంటమ్మా, ఏం బావుంటుంది?"

"చెయ్యి విరగ్గొట్టడానికి చిన్నపిల్ల పనికొచ్చిందిగా."

అందరి కళ్లూ చిన్నమాస్టారి మీదే ఉన్నాయి. వంగనంటే తప్పొప్పుకున్నట్టే. అది అతనికీ తెలుసు.

"దానికేం, పెడతాను" అన్నాడు మూతి బిగించి. "అక్కయ్య మనసు చల్లబడుతుందంటే పెడతాను."

"నా మనసు సంగతి నీకెందుకు? వంగు."

పిడుగు ముందు నిలబడి వంగాడు. లేవలేదు.

కాసేపు చూసి పెద్దమాస్టారు, "కాస్త మనసు పెట్టరా" అన్నాడు.

"పొరపాటైపోయింది" అన్నాడు తమ్ముడు నేలకేసి చూస్తూ. నడుము కదల్లేదు.

"పట్టు కాస్త బిగుసుకుంది, చూసుకోలేదు." నడుము ఇంకో జానెడు కిందికి వంగింది.

"తట్టిందేమో. ఆ గోలలో నాకు వినపడలేదు." తల మోకాళ్లకి ఆనింది. చెమట ముక్కు మీదుగా చాప మీద పడుతోంది. ఆ బాధ తెలిసిన క్యాషియరు జాలిపడి, పట్టుకోవడానికి ఓ కుర్చీ తెచ్చి పెట్టాడు.

"తీసెయ్యండి" అంది సీటు కవర్లావిడ. తీసేశాడు.

చాలాసేపటికి ఆ మోకాళ్ల దగ్గర్నించి గొంతు వచ్చింది.

"తట్టింది. విన్నాను." గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "అంతకుముందే అందరి ముందూ నా అడుగు తప్పు పడిందని చెప్పింది. ఒళ్లు మండింది. వదలబుద్ధి కాలేదు."

నడుము తిన్నగా లేచింది.

నిజం బయటపడితే కోపం దిగుతుందనుకుంది ఆవిడ. దిగకపోగా రెట్టింపైంది. ఇన్నాళ్లూ పిల్లని అబద్ధాలకోరుని చేసినవాడు ఇప్పుడు ఎదురుగా నిలబడి హాయిగా నడుం రుద్దుకుంటున్నాడు. ఆవిడ పిడికిళ్లు బిగించి ముందుకొచ్చింది. అతను వెనక్కి వెనక్కి తగ్గి, చెప్పులు వెతుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. అన్న ఆపలేదు.

"రేపట్నించి పిల్లల క్లాసు నేనే తీసుకుంటాను" అన్నాడు పెద్దమాస్టారు గొంతు సవరించుకుని.

"మీరొద్దు" అంది పిడుగు, హాలంతా వినపడేలా. "నేను తట్టలేదని మీరూ అన్నారు."

మంచి చేత్తో తల్లిని చూపించింది.

"మా అమ్మ నేర్పుతుంది."

"నేనా?" సీటు కవర్లావిడ పిడికిళ్లు ఇంకా విప్పలేదు. "నా కోపం నీకు తెలీదా? నేను పిల్లలకి నేర్పడమేంటే?"

"కోపం ఉంటే ఉండనీ" అంది పిడుగు. "తడితే వదిలేస్తావుగా."

పెద్దమాస్టారు చాప దిగి, వెళ్లి నేర్చుకునే పెద్దవాళ్ల వరసలో నిలబడ్డాడు.