వహీద్ ఎంచుకున్న పడవ

ఫౌజులో ఉన్నంతకాలం వహీద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెరచాప పడవలు బాగుచేశాడు. ఆదివారాలు ఆ పడవలకు పెద్దయిన మేజర్ సాబ్ ఒక చిన్న పడవ ఇస్తే తనే నడుపుకునేవాడు. అందుకే తొంభై రెండులో పాత పడవలు తీసేస్తున్నప్పుడు మేజర్ సాబ్ అతనికే కబురు పెట్టాడు. "రెండు క్యాటమరాన్లున్నాయి. నచ్చింది పట్టుకుపో. నా కానుక అనుకో."

క్యాటమరాన్ అంటే రెండు సన్నటి పడవలను పక్కపక్కన పెట్టి, నడుమ గట్టి గుడ్డ బిగించినట్టుంటుంది. వహీద్ ఇల్లు చందంపేట అవతల, నాగార్జునసాగర్ నీళ్లు కొండల్లోకి చొచ్చుకొచ్చే చోట. ఆ నీళ్ల మీద భార్య రబియాను కూర్చోబెట్టుకుని తిప్పాలని అతని ముచ్చట. లారీకెత్తడానికి సాయంగా పొరుగున చేపలు పట్టే భిక్షపతిని తీసుకుపోయాడు.

ఎర్ర పడవ పద్దెనిమిది అడుగులది, రెండు తెరచాపలు. వహీద్ కళ్లు దాని మీదే నిలిచిపోయాయి. భిక్షపతి మాత్రం వంగి, పడవ గాలికి పక్కకు కొట్టుకుపోకుండా దాని కింద కత్తుల్లా దిగే పలకలను తడిమి చూశాడు.

"గివి నీళ్లల్లకెంత దిగుతయి భాయ్?"

"నడుము లోతు."

"మన దగ్గర మునిగిన ఊర్ల గోడలున్నయి. ఎండకాలం నా తెప్పకే తగుల్తయి. గాలి కొట్టంగ తెరచాప తాడు పట్టుకుంటవా, పలక పైకి గుంజుతవా?"

"నాకెరుక లేదా భిక్షపతీ? ఇన్నేండ్లు గీ పనే చేసిన."

"ఎరుక లేదంటనా? గట్లయితే పడవను పక్కకు పడగొట్టి ఒక్కనివే లేపు. ఆడ నీకు సాయం ఎవలొస్తరు?"

మేజర్ సాబ్ నవ్వాడు. "అడిగింది న్యాయమే వహీద్."

పడవను నీళ్లలో పక్కకు ఒరగదోశారు. వహీద్ దాని అంచు మీద నిలబడి, తాడు పట్టుకుని వెనక్కి వాలాడు. మూడుసార్లు. అరచేతులు దోక్కుపోయాయి కాని తెరచాప కొయ్య నీళ్లు విడిచి లేవలేదు. దాన్ని ఎప్పుడూ ఇద్దరు పడుచువాళ్లు నడిపేవారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రెండోది పసుపుపచ్చది, పద్నాలుగు అడుగులు, ఒకటే తెరచాప, కింద పలకలే లేవు. దాన్నీ ఒరగదోస్తే రెండో గుంజుకు లేచి నిలబడింది.

వహీద్ బొడ్డులోతు నీళ్లలోంచే ఎర్రదాన్ని ఒకసారి తడిమి, "పసుపుదే సాబ్" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో మాల్ అనే ఊళ్లో చాయ్ తాగేదాకా భిక్షపతితో మాట కలపలేదు.

ఆషాఢంలో ఒకరోజు రబియా లారీ ట్యూబు నడుముకు తగిలించుకుని పడవెక్కింది. కొండల సందులోంచి ఒక్కసారిగా గాలి దూకింది. వహీద్ తెరచాప వదులు చేసేలోపే పడవ ఒరిగి ఇద్దరూ నీళ్లలో పడ్డారు.

"యా అల్లా!"

"తాడు ఇడువకు రబియా! నేనీడనే ఉన్న!"

అంచెక్కి వెనక్కి వాలాడు. లేవలేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ వాలాడు. కొయ్య నీళ్లు కారుస్తూ లేచింది. రబియాను పైకి లాక్కున్నాడు. గాలి వాళ్లను ఒడ్డుకు నెట్టుకొచ్చింది. పడవ రాళ్ల మీద గరగర జారి ఆగింది. చెప్పు ఒకటి పోగొట్టుకున్న రబియా ఏడుపు ఆపుకుని, "రేపు గూడ గిట్లనే తిప్పుతరా?" అంది. వహీద్‌కు నవ్వూ కన్నీళ్లూ కలిసే వచ్చాయి.

బట్టలు మార్చుకుని నేరుగా భిక్షపతి ఇంటికి పోయాడు. వల కుట్టుకుంటున్న ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఎర్రది తెచ్చుకుంటే మేమిద్దరం నీళ్లల్లనే ఉందుము. నువ్వు మంచి చెప్తే నేను మొఖం మాడ్చుకున్న. మాఫ్ చెయ్యి."

"గదేం మాటనే భాయ్! రబియమ్మకు మంచిగున్నదా?"

"మంచిగున్నది. నిన్నూ పుల్లమ్మనూ పడవ మీదికి రమ్మన్నది. నాలుగు దినాలైతే గాలి తగ్గుతది."

గాలి తగ్గాక భిక్షపతినీ అతని భార్య పుల్లమ్మనూ ఎక్కించుకుని నడిమధ్యకు పోయాడు. పుల్లమ్మ నీళ్లలో చెయ్యి ముంచి ఆడుకుంటోంది. భిక్షపతి చేతులు ఏం చెయ్యాలో తోచక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"పుట్టినకాంచి గీ నీళ్ల మీదనే ఉన్న భాయ్," అన్నాడు మెల్లగా. "వల లేకుంట కూసునుడు గిదే మొదలు."

వహీద్ తెరచాప కాస్త వదులు చేసి, పడవను ఇంకా మెల్లగా పోనిచ్చాడు.